ఐ.ఎస్.ఐ. ఎంట్రన్స్ నా అనుభవం: జవాబు ఒక్కటే చాలదు

నిన్న సాయంత్రం రిజల్ట్స్ వచ్చాయి. బెంగళూరు క్యాంపస్‌లో బి.మ్యాథ్, అంటే లెక్కల డిగ్రీ, లిస్టులో నా నంబరు ఉంది. అమ్మ నాచేత మూడుసార్లు చదివించుకుంది. ఈ సంతోషంలో ఉండగానే రాసేస్తున్నాను.

ఐ.ఎస్.ఐ. అంటే ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్. 1931లో గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ కలకత్తాలో పెట్టారు. బి.మ్యాథ్‌కి జేఈఈ ర్యాంకు పనికిరాదు, వాళ్ల పరీక్ష వాళ్లదే. ఈ సంగతి చెబితే మా జూనియర్ కాలేజీలో ఒక సారు "అదెక్కడి కాలేజీ? ప్యాకేజీ ఎంత?" అని అందరిముందూ అడిగారు. ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కల్లో ఎం.ఏ. చేసిన ప్రఖ్యాత గణాంక శాస్త్రవేత్త సి.ఆర్.రావు గారు ఆ తర్వాత వెళ్లి, దాదాపు నలభై ఏళ్లు పనిచేసిన చోటు అది. లెక్కలు చెప్పే మనిషికి ఆ సంస్థ పేరు తెలియకపోవడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

అప్లికేషన్ ఒక సాయంత్రంలో అయిపోయింది. ఓబీసీ సర్టిఫికెట్ మాత్రం ప్రాణం తీసింది. మన రాష్ట్రంలో వాడే మామూలు కులం సర్టిఫికెట్ చాలదు, కేంద్ర ప్రభుత్వ ఫార్మాట్‌లో నాన్ క్రీమీలేయర్ కావాలి. ఆఫీసులో ఆ తేడా తెలిసినవాళ్లు లేరు. నాన్న నాలుగు రోజులు షాపు మూసుకుని తిరిగారు. నోటిఫికేషన్ వచ్చేదాకా ఆగకండి, ముందే తీసి పెట్టుకోండి.

అసలు కథ సంక్రాంతి సెలవుల్లో జరిగింది. నరసరావుపేటలో మా పెదనాన్న స్నేహితుడు ఒక రిటైర్డ్ లెక్చరర్ ఉన్నారు. జేఈఈ మెయిన్ పాత పేపర్లలో లెక్కలన్నీ గంటలోపే చేసేదాన్ని, ఆ ధైర్యంతోనే ఆయన దగ్గరికి వెళ్లాను. అరుగు మీద కూర్చోబెట్టి ఒక కాగితం ఇచ్చారు. "ఒక పాలినామియల్. కోఎఫిషియంట్లన్నీ ఇంటీజర్లు. సున్నా దగ్గర విలువ బేసి, ఒకటి దగ్గరా బేసి. దానికి ఇంటీజర్ రూట్ ఉండదని నిరూపించమ్మా" అన్నారు.

నేను ఎక్స్ స్క్వేర్ ప్లస్ ఎక్స్ ప్లస్ వన్ తీసుకున్నాను. డిస్క్రిమినెంట్ మైనస్ మూడు, అసలు రియల్ రూట్లే లేవు. జవాబు చుట్టూ బాక్స్ గీసి ఇచ్చాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

ఆయన చూసి, "ఇది ఒక్కదాని సంగతి. మిగతావాటికి?" అన్నారు. ఇంకోటి రాశాను. ఆయన కాగితం పక్కన పెట్టి, "అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు చాలమ్మా. లెక్కకి చాలదు" అన్నారు.

ముప్పావుగంట కూర్చున్నాను. ఒక్క లైను పడలేదు. ఎనిమిదో తరగతి చదివే ఆయన మనవరాలు అక్కడే హోంవర్క్ చేసుకుంటోంది. తలెత్తి, "తాతయ్యా, రూట్ అంటే అక్కడ సున్నా రావడమేగా? సున్నా సరి సంఖ్య కదా?" అంది. నాకు ముఖం కాలిపోయినట్టయింది. కోఎఫిషియంట్లన్నీ ఇంటీజర్లే కాబట్టి, సరి సంఖ్య ఏది పెట్టినా వచ్చే విలువ, సున్నా దగ్గరి విలువలాగే బేసి. బేసి సంఖ్య పెడితే ఒకటి దగ్గరి విలువలాగే బేసి. ఎక్కడా సరి రాదు, అంటే సున్నా ఎప్పటికీ రాదు. అంతే లెక్క. రెండేళ్లు రోజుకు పన్నెండు గంటలు చదివాను. ఒక్కరోజైనా ఎవరూ నన్ను "ఎందుకు?" అని అడగలేదు. ఆ రాత్రి ఏడ్చాను.

మర్నాటి నుంచి రోజుకు ఒక్కటే లెక్క, పూర్తి వాక్యాల్లో రాసి ఫోటో తీసి పంపేదాన్ని. "కాబట్టి" అని రాసిన ప్రతిచోటా ఎర్రగీత గీసి "ఎలా కాబట్టి?" అని తిప్పి పంపేవారు. నా మొదటి పదహారు కాగితాల్లో ఒక్కటి కూడా పాస్ కాలేదు.

పరీక్ష హైదరాబాద్‌లో రాశాను. పొద్దున 30 ఆబ్జెక్టివ్ ప్రశ్నలు, రెండు గంటలు. ఒప్పుకి 4, తప్పుకి 0, వదిలేస్తే 1. నాలుగు ఆప్షన్లలో గుడ్డిగా ఒకటి పెడితే సగటున వచ్చేదీ ఆ ఒక్క మార్కే, కాబట్టి ఏమీ తెలియనిది వదిలేయండి. ఒక్క ఆప్షన్ తప్పని ఖాయంగా తెలిస్తే మాత్రం మిగతా మూడింట్లో ఒకటి పెట్టడమే లాభం. జేఈఈ అలవాటుతో ఇది మర్చిపోకండి.

మధ్యాహ్నం 8 లెక్కలు, మళ్లీ రెండు గంటలు, మొత్తం రాసి నిరూపించాలి. పేపర్ తిప్పి చూసి నాకు దారి తోచిన నాలుగే పట్టుకున్నాను. మూడు పూర్తిగా, ఒకటి సగం వచ్చాయి. నా పక్క వరసలో అబ్బాయి ఎనిమిదింటికీ ఏదో ఒకటి రాసి బయటికొచ్చి, అన్నీ అటెంప్ట్ చేశానన్నాడు. అలా చేయకండి. సగం సగం ఎనిమిది కన్నా నిండుగా మూడు మేలు. రాతపరీక్ష తర్వాత జరిగిన ఇంటర్వ్యూలో టెన్షన్ పడ్డాను కానీ, అడిగిన ప్రతిదానికీ "ఎందుకు" చెప్పగలిగాను.

రేపు పొద్దున నాన్నా నేనూ నరసరావుపేట వెళ్తున్నాం. ఆ పదహారు కాగితాలూ తీసుకెళ్తున్నాను, మాస్టారికి చూపించాలి. ఆయన మనవరాలికి ఒక మంచి జామెట్రీ బాక్స్ కొన్నాను.