ఆ ఎనభై శాతం ఎక్కడి నుంచి వచ్చింది?

పల్నాడులో మిర్చి రైతులే వాటాదారులుగా నడిచే మా ఉత్పత్తిదారుల కంపెనీకి రుణం మంజూరైనట్లు మొన్న గురువారం బ్యాంకు నుంచి కాగితం వచ్చింది. సీఈఓగా ఆ కాగితం కోసం నేను పదకొండు నెలలు తిరిగాను. రిజిస్ట్రేషన్, పాన్, జీఎస్టీ పనులు ఇబ్బంది లేకుండా ముగిశాయి. ఇలాంటి రైతు సంఘాలను పదివేలు ఏర్పాటు చేయాలని కేంద్రం 2020లో ప్రారంభించిన పథకం, మైదాన ప్రాంతాల్లో సంఘానికి కనీసం 300 మంది సభ్యులు ఉండాలంది. మాకు 312 మంది ఉన్నారు. సభ్యుడికి 2,000 రూపాయల చొప్పున, 15 లక్షలకు మించకుండా కంపెనీ వాటా మూలధనానికి తోడుగా ఇచ్చే గ్రాంటు కూడా సకాలంలోనే అందింది.

నన్ను ఏడిపించింది రుణం కోసం ఇవ్వాల్సిన ఐదేళ్ల వ్యాపార ప్రణాళిక. మాకు సాయంగా నియమించిన సంస్థ 46 పేజీల పుస్తకం రాసి తెచ్చింది. సభ్యుల పంటలో 80 శాతం కంపెనీకే వస్తుందని, మిర్చి ధర ఏటా 8 శాతం పెరుగుతుందని అందులో రాశారు. మొదటి ఏడాదికి వేసుకున్న ధర 2023 నాటిది. 2021లో నల్ల తామర పురుగు తోటలను దెబ్బతీశాక సరుకు తగ్గి, గుంటూరు యార్డులో తేజ రకం క్వింటా ఇరవై వేలు దాటిన రోజులవి. అదే మిర్చికి 2025 ఫిబ్రవరిలో కేంద్రం, ధర పడిపోయినప్పుడు రైతును ఆదుకునే మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాకు 11,781 రూపాయల ధర ప్రకటించాల్సి వచ్చింది.

సమీక్షా సమావేశంలో పద్నాలుగు సంఘాల వాళ్ల ముందు, ఆ 80 శాతం ఎలా వచ్చిందని అడిగాను. సమీక్ష చేస్తున్న అధికారి పుస్తకం తెరవనైనా తెరవకుండా, "మీరు ప్రశ్నలు వేయడానికి వచ్చారా, సంతకం పెట్టడానికి వచ్చారా?" అన్నారు. వెనుక వరుసలో ఎవరో నవ్వారు. ఇరవై రెండేళ్లుగా మిర్చి కల్లాల్లో పెరిగిన నాకు ఆ నవ్వు ఇప్పటికీ చెవుల్లో వినిపిస్తోంది. ఆ రోజు నేను సంతకం పెట్టలేదు. పెట్టకపోవడం సరైన పనేనని ఇవాళ గర్వంగా చెప్పగలను.

మర్నాటి నుంచి నోటు పుస్తకం పట్టుకుని ఊళ్లు తిరిగాను. మూడో రోజున ఒక పెద్దాయన కల్లంలో కాయల నుంచి తాలు ఏరుతూ, "పంట మీకెలా వేస్తామమ్మా, కొట్టులో అప్పుంటే?" అన్నారు. "ఎంతుంది బాబాయ్?" అని అడిగితే, పాలిథిన్ సంచిలో చుట్టిన చిట్టా తీసి చూపించారు. విత్తనం, పురుగుమందులు, కూలీల డబ్బు, టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు కట్టే గోతాలు, అన్నీ కమీషన్ వ్యాపారి ఇచ్చినవే. వడ్డీ నూటికి రెండు రూపాయలు. కాయలు పట్టిన వేళ్లతో తిప్పి తిప్పి పేజీల అంచులు ఎర్రబారాయి. పంట ఆ కొట్టుకే వేయాలన్న షరతు అందులో ఎక్కడా రాసి లేదు, కానీ ప్రతి పేజీ వెనుకా అదే ఉంది. తర్వాత అడిగిన ఇళ్లలో పదింట ఏడు ఇలాంటివే. 46 పేజీలు రాసినవాళ్లు రైతు తన పంటను నచ్చిన చోట అమ్ముకోగలడని అనుకున్నారే తప్ప, ఒక్క రైతునైనా అడగలేదు.

అందుకే ప్రణాళికను తలకిందులు చేశాం. మూడో ఏట ఉన్న విత్తనాలు, గోతాల దుకాణాన్ని మొదటి ఏటికి తెచ్చి, సేకరణను 15 శాతంతో మొదలుపెట్టి, క్వింటా పది వేలకు పడిపోయినా కిస్తీ కట్టగలమా అని ప్రణాళికలోని ప్రతి ఏటికీ లెక్క చూపించాం. ఇలాంటి సంఘాలు నడిపేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే: మీ ప్రణాళికను మీరే రాసుకోండి, ఏ సంస్థనూ నమ్మకండి. ఏ పెద్ద అంకె కనిపించినా అది ఎవరిని అడిగి వేశారో తెలిసేదాకా సంతకం పెట్టకండి.

అడిగింది 40 లక్షలు, మంజూరైంది 18. శుక్రవారం ఉదయమే ఆ పెద్దాయన మా దుకాణానికి వచ్చి యాభై గోతాలు రాయించుకున్నారు.