మాడ్రిడ్‌లో ఒక డిసెంబరు ఉదయం

క్రిస్మస్‌కు వారం రోజుల ముందు మాడ్రిడ్‌లో దిగిన నేను, ప్యుయెర్తా దెల్ సోల్ కూడలి పక్కన కార్మెన్ వీధిలో బారులు తీరిన జనాన్ని చూసి, లోపల ఏ గుడో ఉందనుకున్నాను. తీరా చూస్తే అది 1904 నుంచి నడుస్తున్న ‘దోన్యా మనోలీతా’ అనే లాటరీ దుకాణం. అక్కడ కొన్న టికెట్టుకు అదృష్టం తగులుతుందని నమ్మకం. ఎక్కువ టికెట్లు అమ్మిన చోట ఎక్కువ బహుమతులు రావడంలో వింతేముందని వరుసలో ఎవరూ అనుకుంటున్నట్టు లేదు. నేనూ గంటన్నర నిలబడి, చలికి వేళ్లు కొంకర్లు పోతుంటే వరుసలోంచి బయటికి వచ్చేశాను.

నాకు ఆతిథ్యమిచ్చిన విశాఖ మిత్రుడు ఆ రాత్రి భోజనాల దగ్గర, డిసెంబరు 22న తీసే స్పెయిన్ క్రిస్మస్ లాటరీ లెక్కంతా విప్పి చెప్పాడు. 00000 నుంచి 99999 వరకు లక్ష సంఖ్యలుంటాయి. పూర్తి టికెట్టు ధర 200 యూరోలు కనుక దాన్ని పది భాగాలు చేసి, ‘దెసిమో’ అనే ఒక్కో భాగాన్ని 20 యూరోలకు అమ్ముతారు. ‘ఎల్ గోర్దో’, అంటే ‘బొద్దుగాడు’, అని ముద్దుగా పిలుచుకునే మొదటి బహుమతి తగిలితే ఒక్కో దెసిమోకు 4 లక్షల యూరోలు వస్తాయి, అందులో 40 వేలు దాటిన మొత్తంపై 20 శాతం పన్ను పోతుంది. అమ్మకాల సొమ్ములో 70 శాతం బహుమతులుగా తిరిగి పంచుతారు. అంటే కొన్నవారందరికీ కలిపి పెట్టినదానికంటే తక్కువే తిరిగొస్తుంది.

“మరి నువ్వెందుకు కొన్నావురా?” అని అడిగాను.

“మా ఆఫీసంతా ఒకే నంబరు కొంటుంది. రేపు అందరికీ తగిలి నాకొక్కడికే తగలకపోతే, ఆ మర్నాడు వాళ్ల మధ్య ఎలా కూర్చోను?” అన్నాడు.

ఆ దేశంలో ఈ లాటరీకి ఉన్న పట్టు నాకు ఆ మాటతోనే అర్థమైంది. ఒకే సంఖ్యను అనేక సిరీస్‌లలో, అంటే ఎన్నో టికెట్ల మీద, ముద్రిస్తారు కాబట్టి ఒక ఆఫీసో, వీధో, ఊరో మొత్తం ఒకే నంబరును పంచుకోగలదు. 2011లో ఉయెస్కా ప్రాంతంలోని సొదేతో అనే కుగ్రామంలో ఒక్క ఇల్లు తప్ప మిగిలిన ఇళ్లన్నిటికీ ‘గోర్దో’లో వాటా దక్కింది. మా మిత్రుడి భయమంతా ఆ ఒక్క ఇంటిని గురించే.

డిసెంబరు 22న తొమ్మిది గంటలకు మేడ దిగి, వీధి చివర బారులో కూర్చున్నాం. బారు యజమాని అంతకుముందే నాకు ఐదు యూరోలకు ఒక వాటా చీటీ అంటగట్టాడు. అందులో నాలుగు యూరోలు పందెం, మిగిలిన యూరో పేటలోని పిల్లల ఫుట్‌బాల్ జట్టుకు చందా. టీవీలో తెయాత్రో రెయాల్ అనే నాటకశాల రంగస్థలం కనిపిస్తోంది. పంజరంలాంటి పెద్ద గోళంలో సంఖ్యలు చెక్కిన, రేగుపండంత చెక్క గోళీలు లక్ష ఉన్నాయి, చిన్న గోళంలో బహుమతులు చెక్కిన గోళీలు 1,807 ఉన్నాయి. సాన్ ఇల్దెఫోన్సో బడి పిల్లల్లో ఒకరు సంఖ్యను, మరొకరు బహుమతిని పాడుతున్నారు. ఆ బడి మగపిల్లలు 1771 నుంచి లాటరీల్లో సంఖ్యలు చదువుతున్నా, ఆడపిల్లలకు ఆ అవకాశం 1984లో గానీ రాలేదు. “మీల్ యూరోస్”, అంటే వెయ్యి యూరోలు, అని సాగదీస్తూ, మన పల్లె బడుల్లో ఎక్కాలు అప్పజెప్పే బాణీలోనే గంటల తరబడి పాడతారు. నెపోలియన్ సేనలతో యుద్ధం నడుస్తుండగా, ప్రజలపై కొత్త పన్ను వేయకుండా ఖజానా నింపుకోవడానికి 1812లో కాదిస్ నగరంలో మొదలుపెట్టిన తంతు ఇది. ఇప్పుడు ఆ పాట వినబడితేనే పండుగ వచ్చినట్టని బారులోని ముసలాయన అన్నాడు.

‘గోర్దో’ ఎప్పుడు వస్తుందో ఎవరూ చెప్పలేరు. అది వచ్చినప్పుడు బారులో చెంచాల చప్పుడు కూడా ఆగిపోయింది, అందరూ చీటీలు చూసుకున్నారు, ఒక్క నిట్టూర్పు వినిపించింది. “ఆరోగ్యం ఉంది, అది చాలు” అని ఒకరితో ఒకరు చెప్పుకున్నారు. ఆ రోజును వాళ్లు వేళాకోళంగా ‘ఆరోగ్య దినం’ అంటారట. మిత్రుడి ఆఫీసు నంబరుకు ఏమీ తగల్లేదు, దానికతడు తేలికపడ్డట్టే కనిపించాడు.

నా చీటీలోని చివరి అంకె మాత్రం ‘గోర్దో’ చివరి అంకెతో కలిసింది. అలా కలిస్తే పందెం కట్టిన సొమ్ము వెనక్కి ఇస్తారు. యజమాని నా నాలుగు యూరోలకు బదులుగా రెండు కాఫీలు బల్ల మీద పెట్టి, చీటీని చింపి గల్లాపెట్టెలో వేసుకున్నాడు.