సిలోయము కోనేటి మెట్ల మీద

టెల్ అవీవ్‌కు వెళ్లే విమానాలు నిజానికి దిగేది లోద్ అనే పాత ఊరి పక్కన. ఎనిమిదేండ్లు మంచం పట్టిన ఐనెయను పేతురు లేపి నిలబెట్టిన లుద్ద ఇదేనని అపొస్తలుల కార్యములు చదివినవారికి తెలుసు. అయితే క్రీ.శ. 415 డిసెంబరులో ఇదే ఊళ్లో 14 మంది బిషప్పులు సమావేశమై, బ్రిటన్ నుంచి వచ్చిన పెలాగియస్ అనే సన్యాసిని విచారించారన్న సంగతి మన సంఘాల్లో అంతగా వినిపించదు. మనిషి తన సంకల్పబలంతోనే పాపం చేయకుండా బతకగలడని, ఆదాము అతిక్రమం ఆదాముకు తప్ప మిగతా మానవజాతికి హాని చేయలేదని ఆయనా, ఆయన శిష్యుడూ బోధిస్తున్నారన్నది అభియోగం. పెలాగియస్ ఇచ్చిన జవాబులతో బిషప్పులు తృప్తిపడి ఆయనను నిర్దోషిగా విడిచిపెట్టారు. మధ్యధరా సముద్రానికి అవతల, ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో పట్టణపు బిషప్పు అగస్టీను మాత్రం ఆ బోధను వదిలిపెట్టలేదు. 418లో కార్తేజులో కూడిన సభ దానిని ఖండించింది.

2019లో, ఈస్టరుకు ముందు వచ్చే శ్రమకాలంలో గుంటూరు, కృష్ణా, తూర్పు గోదావరి జిల్లాల నుంచి బయలుదేరిన మా బృందంలో లూథరన్లు, బాప్టిస్టులు, కథోలికులు, పెంతెకొస్తు సంఘాలవారు కలిసి ఉన్నారు. మమ్మల్ని నడిపించినది ఉద్యోగ విరమణ చేసిన ఒక లూథరన్ పాదిరిగారు. విమానాశ్రయం నుంచి యెరూషలేము కొండలెక్కుతున్న బస్సులో ఆయన మాకు పెలాగియస్ కథ చెప్పి, ఈ యాత్రలో చూడబోయే ప్రతి స్థలంలోనూ ఒకే ప్రశ్న వేసుకోమన్నారు: పాపమంటే మనం ఒక్కొక్కరం చేసిన పనుల జాబితా మాత్రమేనా, లేక మనం పుట్టకముందే మన చుట్టూ సిద్ధంగా ఉండి, మనలను పట్టుకుని, మన చేతుల మీదుగా ఇంకొకరికి చేరే స్థితి కూడానా? నేను గుంటూరు జిల్లాలో లూథరు చిన్న ప్రశ్నోత్తరిని కంఠస్థం చేసి పెరిగినవాడిని. మొదటి ప్రశ్నకు కాదని, రెండో ప్రశ్నకు అవునని జవాబు చెప్పడం నాకు చిన్నప్పుడే వచ్చు. ఆ జవాబు మనుషుల మీద ఎలా పనిచేస్తుందో, ఎలా పనిచేయకూడదో తెలిసింది మాత్రం ఈ యాత్రలోనే.

బేత్లెహేములో యేసు జనన స్థలాన్ని ఆనుకుని ఉన్న కతెరీన పునీతురాలి ఆలయం కింద, బైబిలును లాటినులోకి అనువదించిన జెరోము నివసించినదని చెప్పే గుహ ఉంది. పెలాగియస్‌కు వ్యతిరేకంగా జెరోము తన సంవాద గ్రంథాన్ని బేత్లెహేములోనే, 415 ప్రాంతంలోనే రాశాడు. గుహలో యాత్రికుల రద్దీ వల్ల ఎక్కువసేపు నిలవలేకపోయాము.

మరునాడు దావీదు పట్టణానికి వెళ్లాము. దేవాలయ పర్వతానికి దక్షిణంగా సన్నగా దిగిపోయే గట్టు అది; ఆ శిఖరం మీద నిలబడి చూస్తే, ఎదుటి వాలు మీద సిల్వాన్ అనే పేట ఇళ్ల మిద్దెలన్నీ విప్పిన పుస్తకంలా కనిపిస్తాయి. దావీదు రాజు తన నగరు మిద్దె మీద పచారు చేస్తూ ఊరియా భార్య బత్షెబను చూశాడన్న రెండవ సమూయేలు గ్రంథంలోని మాట ఇక్కడ నిలబడితే ఎంత సహజంగా అర్థమవుతుందో చెప్పలేను. పాదిరిగారు ఆ అధ్యాయాన్ని ఆపకుండా చదివారు. చూపు కోరికైంది, కోరిక అధికార దుర్వినియోగమైంది, దానిని కప్పిపుచ్చడానికి కపటం అవసరమైంది, కపటం పారకపోతే యుద్ధరంగంలో ఒక నమ్మకస్తుడి ప్రాణం తీయవలసి వచ్చింది. అక్కడితో కథ ముగియదు. తరువాతి అధ్యాయాల్లో దావీదు ఇంట్లోనే కొడుకు అమ్నోను తన సవతి చెల్లెలు తామారును చెరిచాడు, తామారు అన్న అబ్షాలోము అమ్నోనును చంపించాడు, ఆ తరువాత తండ్రి మీదనే తిరగబడ్డాడు. నాతాను ప్రవక్త వేలు చూపినది ఒక్క మనిషి వైపే అయినా, ఆ మనిషి చేసినది ఆ ఇంట్లో తన పిల్లల దాకా పారింది. ఊరియాకు, తామారుకు ఏ తప్పూ లేదు. పాపఫలాన్ని పాపం చేసినవాడికంటే ముందుగా, ఎక్కువగా, బలహీనులే అనుభవిస్తారన్న ఈ సంగతిని మన ప్రసంగాల్లో తగినంతగా చెప్పడం లేదని నా అభిప్రాయం. బత్షెబ స్నానాన్ని తప్పుపట్టే ప్రసంగాలు నేను చాలా విన్నాను; రాజు అధికారాన్ని తప్పుపట్టిన నాతాను వైపు నిలబడిన ప్రసంగాలు తక్కువ.

అక్కడి నుంచి గట్టు వెంబడి కిందికి నడిస్తే సిలోయము కోనేరు వస్తుంది. 2004లో మురుగునీటి గొట్టం మరమ్మతు కోసం తవ్వుతుండగా యేసు కాలపు కోనేటి రాతిమెట్లు బయటపడ్డాయి. మేము చూసినప్పుడు ఒక అంచు మెట్లు మాత్రమే తెరిచి ఉన్నాయి. మిగిలిన భాగం అప్పటికి పక్కనున్న తోట కింద మట్టిలోనే ఉండేది. ఈ చుట్టుపక్కల నేల ఎవరిదన్న వివాదం ఇప్పటికీ తెగలేదని, కాపలా మనుషులను, కంచెలను చూస్తేనే తెలిసిపోతుంది. యేసు బురద చేసి కళ్ల మీద పూసి పంపిన పుట్టు గ్రుడ్డివాడు కడుక్కున్నది ఇక్కడే. అతనిని చూడగానే శిష్యులు యేసును అడిగినది, ఎవరి పాపం వల్ల ఇతడు ఇలా పుట్టాడు, ఇతడిదా, ఇతని తల్లిదండ్రులదా అని. ఇద్దరిదీ కాదన్నాడు యేసు.

పాదిరిగారు యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయం ముగించి, లూకా సువార్త 13వ అధ్యాయం తీశారు. సిలోయములోని గోపురం కూలి 18 మంది చనిపోయిన సంగతి అందులో ఉంది. వాళ్లు యెరూషలేములోని మిగతావారందరికంటే ఎక్కువ అపరాధులని అనుకుంటున్నారా అని యేసు ఎదురు ప్రశ్న వేసి, కాదని తానే చెప్పి, మీరు మారుమనస్సు పొందకపోతే మీకూ అదే గతి అన్నాడు. రెండు సంఘటనలకూ ఈ ఒక్క చోటి పేరే ముడిపడి ఉందని నేను అంతకుముందు గమనించలేదు. ఒకచోట పుట్టుకతో వచ్చిన వైకల్యం, మరొకచోట హఠాత్తుగా వచ్చిన చావు. రెండుచోట్లా బాధను చూసి పాపాన్ని లెక్కగట్టే అలవాటును యేసు నరికివేశాడు. అలాగని పాపం లేదనలేదు. లెక్కగట్టేవారినే పాపుల వరుసలో నిలబెట్టాడు.

మా బృందంలో కాకినాడ దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఒక అక్కకు పుట్టుకతోనే చెవులు వినపడని కూతురు ఉంది. ఆ అమ్మాయి పసితనం నుంచి ప్రార్థన కూడికల్లో ఆమెకు చెప్పిన మాట ఒక్కటే: దాచుకున్న పాపమేదో ఉంది, ఒప్పుకో, అప్పుడు బిడ్డకు వినపడుతుంది. ఆమె ఉపవాసాలు చేసింది. పెళ్లికి ముందు తన మనసులో మెదిలిన ఆలోచనల దగ్గర నుంచి, అత్తగారి మీద వచ్చిన కోపం దాకా అన్నీ పదిమందిలో ఒప్పుకుంది. పాదిరిగారు చదవడం ఆపగానే ఆమె మెట్టు మీద కూర్చునే అడిగింది: “అయ్యగారూ, మరి ఇన్నేళ్లూ నేను ఒప్పుకున్నదేమిటండీ?”

ఆయన వెంటనే జవాబు చెప్పలేదు. వచ్చి ఆమె కూర్చున్న మెట్టు మీదే కూర్చుని, “అమ్మా, వాళ్లు ఒప్పుకోవలసినది నీచేత ఒప్పించారు” అన్నారు. ఆ తరువాత ఆయన చెప్పినదాన్ని నాకు అర్థమైనంతవరకు రాస్తున్నాను. ఆదికాండము మూడో అధ్యాయంలో పాపం ప్రవేశించగానే మూడు బంధాలు తెగాయి. మనుషులు దేవుని కంటపడకుండా చెట్ల మధ్య దాక్కున్నారు. ఆదాము నేరాన్ని హవ్వ మీదకు తోశాడు, హవ్వ సర్పం మీదకు తోసింది. నేల ముళ్లతుప్పలు మొలిపించింది. రోగమూ, ప్రసవవేదనా, చావూ ఆ తెగిన లోకానివి, అందరివీ. ఫలానా బిడ్డ చెవిటితనం ఫలానా తల్లి తప్పుకు శిక్ష అని చెప్పే అధికారం ఆ అధ్యాయం ఎవరికీ ఇవ్వదు. నేరాన్ని పక్కవారి మీదకు తోయడమే పతనం చేసిన మొదటి పని గనుక, కన్నతల్లి మీదకు వేలు చూపిన ప్రార్థనాపరులు తోటలో ఆదాము చేసినదే చేశారు.

యోహాను సువార్తలోని ఆ అధ్యాయం చివర, చూపు వచ్చిన మనిషిని పరిసయ్యులు, నీవు పూర్తిగా పాపంలో పుట్టినవాడివి, మాకే బోధిస్తావా అని వెలివేశారు. జన్మపాపం గురించి నేను ప్రశ్నోత్తరిలో నేర్చుకున్న మాటలను దాదాపు అవే పదాలతో వెలివేయడానికి వాడిన వాళ్లు సువార్తలోనే ఉన్నారని గ్రహించినప్పుడు నేను చాలా కలవరపడ్డాను. పాపంలో పుట్టాననే మాట దావీదు 51వ కీర్తనలో తన గురించి తాను ఏడుస్తూ అన్నప్పుడు ప్రార్థన అయింది. అదే మాటను పరిసయ్యులు ఎదుటివాడి గురించి అన్నారు. అగస్టీను కూడా తన ఒప్పుకోలు గ్రంథంలో తాను చూసిన ఒక పాలుతాగే పసివాడి అసూయను ప్రస్తావించినా, దాని ద్వారా తన సొంత పసితనపు పాపాన్నే ఒప్పుకున్నాడు. ఆ పసివాడి మీద తీర్పు తీర్చడం ఆయన ఉద్దేశం కాదు.

మధ్యాహ్నం హిన్నోము లోయ మీదుగా, యేసును అప్పగించిన యూదా సొమ్ముతో కొన్నారని చెప్పే అకెల్దమ పొలాన్ని దూరం నుంచే చూస్తూ, కోడి కూసిన చోటని పిలిచే పేతురు దేవాలయానికి ఎక్కాము. యిర్మీయా కాలంలో తల్లిదండ్రులు తమ పిల్లలను అగ్నికి ఆహుతి ఇచ్చిన లోయ అది. గెహెన్నా అనే పేరు అక్కడి నుంచే వచ్చింది. యూదా, పేతురు ఇద్దరూ ఒకే రాత్రి తమ గురువుకు ద్రోహం చేసి, ఇద్దరూ కుమిలిపోయినవారే. యూదా ఆ దుఃఖంతో ఒంటరిగా వెళ్లిపోయాడు, పేతురు తోటి శిష్యుల దగ్గరికి తిరిగి వచ్చాడు. పాపం మనిషిని తనలోకి తాను వంచేస్తుందని లూథరు చెప్పిన దానికి యూదా ఒంటరితనం కంటే బలమైన ఉదాహరణ నాకు తోచలేదు.

యోర్దాను తీరంలో కస్ర్ అల్ యహూద్ అనే బాప్తిస్మ స్థలానికి వెళ్లే దారి నాకు మరొక పాఠం. 1967 యుద్ధం తరువాత ఈ ప్రాంతమంతా మందుపాతరలతో నిండింది. యాత్రికులకు 2011లో తిరిగి తెరిచారు. రోడ్డుకు రెండువైపులా కంచెలు, వాటి మీద పసుపుపచ్చని హెచ్చరిక పలకలు, వాటి వెనుక మనుషులు విడిచి వెళ్లిన పాత మఠాలు కనిపించాయి. పాతినవారు ఎప్పుడో వెళ్లిపోయారు. వారి కోపమూ చల్లారి ఉండవచ్చు. అయినా నేల దానిని గుర్తుపెట్టుకుంది, ఆ యుద్ధం నాటికి పుట్టని బిడ్డ అడుగు వేసినా పేలేది. ఆదాము నుంచి మనకు సంక్రమించినది నేరమే అని అగస్టీను నమ్మాడు. మరణమూ, చెడిపోయిన స్వభావమూ సంక్రమించాయి గాని నేరం కాదని తూర్పు సంఘాలు ఇప్పటికీ చెబుతాయి. ఆ దారిలో నాకు తూర్పు సంఘాల మాటే దగ్గరగా అనిపించింది. మా పాదిరిగారు ఒప్పుకోలేదు. ఆ మందుపాతరలు పాతినవారిలో నువ్వు ఉండి ఉంటే పాతేవాడివి కాదని చెప్పగలవా అని అడిగారు. చెప్పలేను.

ఆ రాత్రి బసలో, పరిశుద్ధ సమాధి ఆలయంలో చదవవలసిన పాపపు ఒప్పుకోలు ప్రార్థనను కలిసి రాసుకున్నాము. తాగుడు, జూదం, అబద్ధం వెంటనే వచ్చాయి. కాకినాడ అక్క, రోగులనూ వారి తల్లులనూ నిందించిన పాపాన్ని చేర్చమంది, చేర్చాము. అప్పుడు ఒక యువకుడు, మన ఊళ్లలో కులం పేరుతో విడివిడిగా ఉన్న ఆరాధనల మాటేమిటి, సమాధుల తోటలో మధ్య గోడ మాటేమిటి అన్నాడు. పల్నాడు నుంచి వచ్చిన ఒక సంఘపెద్ద, అది సంఘం కట్టుబాటు గాని పాపం కాదని గట్టిగా వాదించారు. మన తాతలు పాతిన గోడను మనం పడగొట్టకుండా కాపాడుకుంటున్నప్పుడు అది తాతల పాపమా, మనదా అన్న చర్చ చాలాసేపు నడిచింది. చివరికి ఆ వాక్యం కూడా ప్రార్థనలో చేరింది.

పరిశుద్ధ సమాధి ఆలయాన్ని ఆరు సంఘాలు పంచుకుంటాయి. వాటి మధ్య నమ్మకం లేక తాళం చెవిని శతాబ్దాలుగా ముస్లిం కుటుంబాలు కాపాడుతున్నాయి. ముఖద్వారం పైనున్న కిటికీ కింది చెక్క నిచ్చెనను ఎవరూ సొంతంగా కదిలించే వీలులేదు. సిలువ నిలిచినదని చెప్పే గొల్గొతా మందిరానికి సరిగ్గా కింద ఆదాము మందిరం ఉంది. అందులో అద్దం వెనుక బీటలువారిన కొండరాయి కనిపిస్తుంది. క్రీస్తు రక్తం ఆ బీటలోంచి కారి కింద సమాధిలో ఉన్న ఆదాము కపాలాన్ని తడిపిందని పూర్వ సంప్రదాయం. ఆదాము ఇక్కడ సమాధి అయ్యాడన్న మాట మూడో శతాబ్దపు క్రైస్తవ పండితుడు ఓరిగెను నాటికే ఉంది. ఈ కథ చెవికి ఇంపుగా ఉంటుంది గాని నిజం కాదని జెరోము రాశాడు. చరిత్రగా నేనూ దానిని నమ్మను. కానీ మొదటి పాపి చేరిన చోటికే క్షమాపణ దిగి వెళ్లిందని చెప్పడానికి ఆ విశ్వాసులు ఎంచుకున్న స్థలం సరైనదని నమ్ముతాను.

జనం తోసుకుంటూ ఉండటంతో ఒప్పుకోలును లోగొంతుతోనే చదివాము. గోడ గురించిన వాక్యం వచ్చినప్పుడు పల్నాడు పెద్దాయన పెదవులు కదలలేదు. ఆవరణలోకి వచ్చాక ఆయన ఆ కాగితం అడిగి తీసుకుని, “మా సంఘ కమిటీలో ఇది చదువుతాను. ఒప్పుకుంటారని మాత్రం మీకు మాటివ్వలేను” అన్నారు.