‘ఆన్‌వర్డ్స్ అండ్ అప్‌వర్డ్స్’ నాకు ఎలా పట్టుబడిందంటే

తిరుపతిలో ఒక చిన్న స్కూల్లో టీచర్ని. ఈసారి యాన్యువల్ డే రిపోర్టు ఇంగ్లీషులో రాసే పని నాకు పడింది. షాపు ఓపెనింగ్ కార్డుల్లో మనం ‘దినదినాభివృద్ధి’ అని వేయిస్తాం కదా, అలాంటి మాట ఒకటి కావాలనిపించింది. మొదటి వాక్యమే ఇలా రాశాను: ‘అవర్ స్కూల్ ఈజ్ ఆన్ యాన్ ఆన్‌వర్డ్స్ అండ్ అప్‌వర్డ్ జర్నీ.’

రాశాను గానీ మనసు ఒప్పలేదు. ఒకదాని చివర ఎస్ ఉంది, రెండోదానికి లేదు. తెల్లారితే ఫంక్షన్. ఒకటే టెన్షన్. బైరాగిపట్టెడలో మా వీధిలోనే రిటైర్డ్ ఇంగ్లీషు సార్ ఉన్నారు. కాగితం పట్టుకుని వెళ్లాను.

ఆయన చదివి, పెన్ను పక్కన పెట్టేశారు.

‘అలిపిరి మెట్లెక్కావు కదమ్మా?’

‘చాలాసార్లు సార్.’

‘గాలిగోపురం దాటాక దారి ఎట్లుంటుంది?’

‘చాలా దూరం చదునే సార్. నడుచుకుంటూ పోవడమే.’

‘అది ఆన్‌వర్డ్. మళ్లీ మోకాళ్ల పర్వతం దగ్గర నిటారుగా ఎక్కుతావే, అది అప్‌వర్డ్.’

3,550 మెట్లూ ఎన్నిసార్లు ఎక్కానో! అయినా ఆ రెండు మాటలకూ అర్థం ఒకటే అనుకుంటూ వచ్చాను.

ఎస్ సంగతి టికెట్‌తో తేలిపోయింది. బుకింగ్‌లో ‘ఆన్‌వర్డ్ జర్నీ’ అనే ఉంటుంది, ఎస్ ఉండదు. నామవాచకం ముందు విశేషణంగా వస్తే అంతే. అప్‌వర్డ్ ట్రెండ్ కూడా అలాగే. ‘ముందుకు’, ‘పైకి’ అని క్రియకు తోడుగా వస్తే మాత్రం బ్రిటిష్ వాళ్లు ఎక్కువగా ఎస్ పెడతారు, అమెరికన్లు సాధారణంగా పెట్టరు. ఏ పద్ధతైనా సరే, రెండు మాటలకూ ఒకటే ఉండాలి.

ఆ తర్వాత సార్ చెప్పిందే నాకు అన్నిటికన్నా ముఖ్యం. ‘ఇది హుషారు పుట్టించే మాటమ్మా. మొదట్లోనే పెడితే, దేంట్లో పైకి పోయినారు అని అడుగుతారు. ముందు ఆ జవాబు చెప్పు.’

నిజమే. నా రిపోర్టులో ఆ జవాబే లేదు. ఇంటికొచ్చి మళ్లీ మొదలుపెట్టాను. పదో తరగతి రిజల్ట్స్, కొత్తగా పెట్టిన లైబ్రరీ, జిల్లా కబడ్డీకి ఎంపికైన ఇద్దరు ఆడపిల్లలు. వాళ్ల గురించే సగం పేజీ రాశాను, అంత కష్టపడ్డారు. చిట్టచివర, కర్త లేకుండా, క్రియ లేకుండా ఒకే ఒక్క లైను: ‘ఆన్‌వర్డ్స్ అండ్ అప్‌వర్డ్స్!’

రాత్రి ఫోన్‌లో సార్‌కి మొత్తం చదివి వినిపించాను.

‘రెండు ఎస్‌లూ వినిపించినాయమ్మా. ఇంక పడుకో’ అన్నారు.