కౌన్సెలింగ్ అంటే మాకు సీటే

ఆ ఫోను వచ్చినప్పుడు పప్పులో పోపు వేస్తున్నాను. పిల్ల స్కూల్లో ఉండగా స్కూలు నంబరు నుంచి ఫోనొస్తే ఎలా ఉంటుందో తెలుసు కదా. "మీ అమ్మాయి కౌన్సెలర్‌ని మాట్లాడుతున్నాను, కంగారు పడకండి, ఒకసారి వస్తారా?" అందావిడ. కంగారు పడొద్దన్నాకే నా కంగారు మొదలైంది. సాయంత్రం మా ఆయనకి చెబితే, "ఇంటి సంగతులు బయటివాళ్ళకి చెప్పుకోవడమేంటి, మనం లేమా?" అన్నారు. నా మనసులోనూ అదే ఉంది. కాకపోతే ఆయన ముందు అనేశారు.

మాది విజయవాడ, పటమట. నేను ఇంటర్ చదివిన రోజుల్లో కౌన్సెలింగ్ అన్న మాటకి ఒకటే అర్థం. ఎంసెట్ ర్యాంకు కార్డు, సర్టిఫికెట్ల ఫైలు పట్టుకుని నాన్న వెంట వెళ్ళడం, పేరు పిలిచేదాకా బిగుసుకుని కూర్చోవడం, మిగిలిన సీట్లలో ఒకటి తీసుకుని రావడం. నేను ఈసీఈ అనుకుంటూ వెళ్ళి సివిల్‌తో బయటికొచ్చాను. అందులో నీకేం ఇష్టం అని ఎవరూ అడగలేదు. అడగాల్సిన విషయమని మాకూ తెలియదు.

ఇప్పుడు మేముండేది డల్లాస్ శివార్లలో. హైస్కూలు నాలుగేళ్ళు. మా స్కూల్లో ఇంటిపేరు మొదటి అక్షరాన్ని బట్టి పిల్లల్ని కౌన్సెలర్లకి పంచుతారు. ఒక్కొక్కరికి 250 మందికి మించకూడదని అమెరికా స్కూల్ కౌన్సెలర్ల సంఘం అంటుంది గానీ, మా దగ్గర అంతకన్నా ఎక్కువే. ఏ ఏడాది ఏ సబ్జెక్టు తీసుకోవాలో చూసేదీ, కాలేజీ దరఖాస్తుతో పాటు పిల్ల గురించి ఉత్తరం రాసేదీ, పిల్ల అన్నం మానేసి లైబ్రరీలో కూర్చుంటే ఏమైందని అడిగేదీ ఆ ఒక్క మనిషే. డాక్టరు కాదు. అవసరమనిపిస్తే బయటివాళ్ళ దగ్గరికి పంపుతుంది. ప్రాణాల మీదికొచ్చే సంగతైతే చెబుతుంది గానీ, పిల్లలు చెప్పుకున్నదంతా తెచ్చి మనకి చెప్పదు. ఈ చివరిది మింగడానికి నాకు చాలా రోజులు పట్టింది.

ఆవిడ గదిలో కూర్చోగానే అమ్మాయిని అడిగిన మొదటి ప్రశ్న, రాత్రి ఎన్ని గంటలు నిద్రపోతున్నావని. "పదకొండుకల్లా పడుకుంటుందండీ" అన్నాను నేను. ఆవిడ నా వైపు తలూపి, మళ్ళీ అమ్మాయినే చూస్తూ కూర్చుంది. నేను టేబుల్ మీది టిష్యూ డబ్బాని చూస్తూ ఉండిపోయాను. చాలాసేపటికి "నాలుగు" అంది మా అమ్మాయి. కాసేపాగి, "నా మార్కులు నాకంటే ముందు అమ్మ ఫోన్లో కనిపిస్తాయి" అని కూడా అంది.

నిజమే. స్కూలు యాప్‌లో మార్కు పడగానే నా ఫోను టింగుమంటుంది. ఈ పిచ్చి ఎందుకో టెక్సస్‌లో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. 1997 నాటి చట్టం ప్రకారం, క్లాసులో మొదటి 10 శాతంలో ఉన్నవాళ్ళకి రాష్ట్ర ప్రభుత్వ యూనివర్సిటీల్లో నేరుగా సీటు. అందరూ ఎగబడే, ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీకైతే 2026 నుంచి అది 5 శాతమే. అందుకే మా అమ్మాయిని నాలుగు ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) క్లాసులు తీసుకోనిచ్చాం. తీసుకోనిచ్చాం అంటున్నాను గానీ, తీసుకోమన్నది మేమే. కాలేజీ స్థాయి సబ్జెక్టులవి, ర్యాంకు లెక్కలో వాటికి బరువెక్కువ. బెజవాడలో వదిలేసి వచ్చాననుకున్న ర్యాంకు కార్డుని నేనే మళ్ళీ పిల్ల చేతిలో పెట్టాను.

ఏపీ ఫిజిక్స్ మానేస్తే ర్యాంకు ఎంత తగ్గొచ్చో, ఏయే యూనివర్సిటీలు ర్యాంకు ఒక్కటే చూడవో ఆవిడ కాగితం మీద వేసి చూపించింది. ఓదార్పు మాటల కంటే ఆ లెక్కే మా ఆయన్ని మెత్తబరిచింది. ఫిజిక్స్ మానేసింది. నేను యాప్‌లో గంట కట్టేశాను. తీసెయ్యలేదు, కట్టేశానంతే.

ఈ వేసవికి పటమట వెళ్ళాం. మా తమ్ముడి కొడుకు ఊరి బయట ఒక రెసిడెన్షియల్ కాలేజీలో ఇంటర్ రెండో ఏడాది, ఎంపీసీ. ఆ ఆదివారం వాడికి ఔటింగ్. గోంగూర, రొయ్యల వేపుడు వేసుకుని వాడు తింటుంటే, మా అమ్మాయి తనకొచ్చిన తెలుగులో "మీ కౌన్సెలర్ మంచివాళ్ళేనా?" అని అడిగింది.

"కౌన్సెలింగ్ ఇప్పుడెక్కడ? ఈఏపీసెట్ అయ్యాక కదా" అన్నాడు వాడు.

అందరం నవ్వాం. అది కాదని మా అమ్మాయి విడమరచి చెబితే, వాడు ముద్ద కలుపుతూ ఆలోచించాడు. వార్డెన్ ఉన్నాడు, డీన్ ఉన్నాడు, ఫ్లోర్ ఇన్‌ఛార్జి ఉన్నాడు. "దిగులుగా ఉంటే ఎవరికి చెప్తావు మరి?" అంటే, "మెస్‌లో సాంబారు పోసే ఆయనకి. ఆయనది మా అమ్మమ్మ వాళ్ళ ఊరే" అన్నాడు. ఈసారి ఎవరం నవ్వలేదు.

2025 జూలైలో సుప్రీంకోర్టు, విశాఖపట్నంలో చనిపోయిన ఒక నీట్ విద్యార్థిని కేసులో, వందమందీ అంతకు మించీ పిల్లలున్న ప్రతి విద్యాసంస్థలో కనీసం ఒక అర్హత ఉన్న కౌన్సెలర్ ఉండాలని ఆదేశించింది. మార్కుల్ని బట్టి బ్యాచులు విడగొట్టడం కూడా వీలైనంత వరకు మానమంది. అది గుర్తొచ్చి కాలేజీకి ఫోను చేశాను. "ఉన్నారు మేడం, మా మ్యాథ్స్ సారే చూసుకుంటారు." ఆయనకి ఇందులో అర్హతేంటని అడిగితే, "పదిహేనేళ్ళ ఎక్స్‌పీరియన్స్ మేడం" అన్నారు. ఆ మాస్టారు మంచివాడే కావచ్చు. కానీ శనివారం టెస్టు పెట్టి సెక్షన్ మార్చే మనిషికే ఆదివారం పిల్లాడు ఏం చెప్పుకుంటాడు?

ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416 వాడి రఫ్ నోట్సు ఆఖరి పేజీలో రాశాను. ఎప్పుడు చేసినా పలుకుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు, పైసా కట్టక్కర్లేదు. చేతిలో ఫోనే లేని పిల్లాడికి ఫోను నంబరు రాసిస్తున్నానని సగం రాశాక గానీ నాకు తట్టలేదు. పూర్తిగా రాశాను.

సాయంత్రం దింపడానికి కారులో అందరం వెళ్ళాం. బకెట్టు, ఉతికిన బట్టలు, ఆవకాయ సీసా. గేటు దగ్గర వాడు దిగబోతుంటే, "రాత్రి ఎన్ని గంటలు పడుకుంటున్నావురా?" అని అడిగాను.

"బాగానే పడుకుంటాడక్కా, పదిన్నరకి లైట్లు..." అంటూ మొదలుపెట్టాడు మా తమ్ముడు. తమ్ముడి చెయ్యి పట్టుకుని ఆపాను.

వాచ్‌మన్ విజిల్ వేస్తున్నాడు. వెనకాల ఎవరిదో కారు హారన్. పిల్లాడు బకెట్టు కింద పెట్టి నా వైపు చూశాడు.