మామిడి టెంక, చెవి బిళ్ళ, మా లడ్డూ పాలసీ

మా కుక్క లడ్డూ మింగిన మామిడి టెంక ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది. ఆపరేషన్ అయ్యాక డాక్టరు గారు దాన్ని స్టీలు ట్రేలో పెట్టి చూపించారు. పీచు పీచులాగే అంటుకుని ఉంది, ఒక పక్క మాత్రం నల్లబడింది. "కావాలంటే పట్టుకెళ్ళండమ్మా" అని ఆయన సరదాకి అంటే, మా ఆయన నిజంగానే చిన్న డబ్బాలో పెట్టించుకొచ్చాడు. ఆ డబ్బా పక్కనే బిల్లు కూడా దాచాం. యాభై రెండు వేల ఆరు వందలు.

అది 2024 మే. నాన్న ఏటా నూజివీడు వైపు నుంచి చిన్నరసాల బుట్ట పంపిస్తాడు. రసాలు కోసుకు తినేవి కావు కదా, మెత్తగా పిసికి, ముచ్చిక తీసి, చీకి, చివరికి టెంకని కూడా పీల్చి పీల్చి వదులుతాం. ఆ రాత్రి టెంకల పళ్ళెం డైనింగ్ టేబుల్ మీదే వదిలేసి పడుకున్నాం. లడ్డూ లాబ్రడార్. లాబ్రడార్‌కి కడుపు నిండడం అనేది ఉండదని మూడున్నరేళ్ళుగా తెలిసి కూడా వదిలేశాం.

మర్నాడు రెండు సార్లు వాంతి చేసుకుంది. ఎండదెబ్బ అనుకుని పెరుగన్నం పెట్టా. రెండో రోజు తాగిన నీళ్ళు కూడా కక్కేసింది. కాలింగ్ బెల్ మోగినా తల ఎత్తలేదు. ఎక్స్‌రే తీశారు, ఏమీ తేలలేదు. స్కాన్‌లో పేగుకి ఏదో అడ్డుపడిందని కనిపించింది. ఆ రాత్రే పొట్ట కోశారు. మూడు రాత్రులు ఆసుపత్రిలో. రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి తీసుకెళ్తే ఖర్చు బాగా తగ్గేదని తర్వాత చాలామంది చెప్పారు. నిజమే. కానీ కూకట్‌పల్లిలో రాత్రి తొమ్మిదింటికి, ముప్పై నాలుగు కిలోల కుక్క లేవలేక పడుంటే, దగ్గర్లో ఏ ఆసుపత్రి తెరిచి ఉంటే అక్కడికే పోతాం.

ఇన్సూరెన్స్ మాట మొదట ఎత్తింది మా ఆఫీసులో ఒకావిడ. ఇంట్లో చెప్తే అత్తయ్య నవ్వారు. "మనుషులకి కట్టేదే సరిగ్గా రాదు, కుక్కకి కూడానా?" నాకూ అలాగే అనిపించింది. అసలు ఆశ్చర్యపోనిది నాన్న ఒక్కడే.

"మన గేదెలకి ఉండేది కదమ్మా, మర్చిపోయావా?"

మర్చిపోయాను. నా చిన్నప్పుడు బ్యాంకు లోను మీద రెండు ముర్రా గేదెల్ని కొన్నాడు. లోనుతో పాటే బీమా. పశువుల డాక్టరు వచ్చి, పళ్ళు చూసి వయసు రాసుకుని, ఎన్ని లీటర్ల పాలిస్తుందో అడిగి ఖరీదు కట్టి, చెవికి నంబరున్న బిళ్ళ వేసి వెళ్ళాడు. రెండేళ్ళకి ఒక గేదె పాము కరిచి చచ్చిపోయింది. అంతకు నెల ముందే తుమ్మ కంపలో చిక్కుకుని చెవి చిరిగి బిళ్ళ ఊడిపోయింది. బ్యాంకుకెళ్ళి చెప్పి ఇంకోటి వేయించాలని నాన్నకి తట్టలేదు. బిళ్ళ లేకపోతే క్లెయిమ్ లేదు. గేదె మాదే, ఊరంతా సాక్ష్యం, డాక్టరు సర్టిఫికెట్ కూడా ఉంది. అయినా పైసా రాలేదు. లోను మాత్రం కట్టాడు.

అంతా చెప్పి, "తీసుకోవద్దనట్లేదు. కట్టే ముందు కాయితం చదువు" అన్నాడు. అందుకే చదివా.

ముందు మా లెక్క తీశా. లడ్డూకి ఒక నోట్‌బుక్ ఉంది. 2021 జనవరిలో యాభై రోజుల పిల్లగా వచ్చినప్పటి నుంచి మందుల ఖర్చంతా అందులో రాస్తాను, తిండి కాకుండా. ఆ రోజుకి మొత్తం లక్షా వెయ్యి. చూడగానే గుండె గుభేల్‌మంది. కానీ విడగొట్టి చూస్తే వేరే కథ. టీకాలు, నులిపురుగుల మాత్రలు 12,600. పిడుదుల మందులు 14,400. ఈ ఇరవై ఏడు వేలూ నేను చూసిన ఏ పాలసీలోనూ రావు. మామూలుగా చేయించుకోవాల్సిన పనులకి వాటిలో బీమా లేదు. 2022 ఆగస్టులో పిడుదుల వల్ల వచ్చిన టిక్ ఫీవర్‌కి 11,400. ప్లేట్‌లెట్లు ముప్పై ఎనిమిది వేలకి పడిపోయి, నాలుగు రోజులు సెలైన్లు, నాలుగు వారాలు డాక్సీసైక్లిన్ మందు. చెవిలో ఇన్‌ఫెక్షన్ మూడు సార్లు, 5,700. చర్మం మీద దద్దుర్లకి 4,300. మిగిలింది టెంక.

తర్వాత కొటేషన్లు తెప్పించా. చివరికి మిగిలిన పాలసీలో రేట్లు, జీఎస్టీ 18 శాతం కలుపుకుని, ఇలా ఉన్నాయి: ఆపరేషన్, ఆసుపత్రిలో చేరడం వరకు ఏడాదికి యాభై వేల కవర్‌కి 5,400. ఓపీడీ, అంటే చేరకుండా చూపించుకునే ఖర్చులు కూడా కావాలంటే ఇంకో 6,100. కుక్క చనిపోతే దాని ఖరీదు ఇచ్చే భాగం వేరే. ఏ క్లెయిమ్‌లోనైనా ఇరవై శాతం మనమే పెట్టుకోవాలి.

ఒక సాయంత్రం కూర్చుని, ఈ పాలసీ మొదటి నుంచీ ఉండుంటే ఏమయ్యేదో వేసి చూశా. టిక్ ఫీవర్, చెవులు, దద్దుర్లు కలిపి 21,400. టిక్ ఫీవర్‌కి రోజూ వెళ్ళి సెలైన్ పెట్టించుకుని ఇంటికి వచ్చేవాళ్ళం, కాబట్టి అదీ ఓపీడీయే. ఇరవై శాతం పోతే 17,120 వచ్చేవి. నాలుగు ప్రీమియాలకి కట్టేది 24,400. అంటే ఓపీడీ దండగ. చిన్న చిన్న ఖర్చులు ఎలాగూ వస్తాయని కంపెనీకీ తెలుసు, ఆ లెక్క వేసుకునే రేటు పెడతారు. ఆపరేషన్ భాగం మాత్రం వేరు. నాలుగు ప్రీమియాలు 21,600, టెంక ఒక్కదానికే 42,080 తిరిగొచ్చేవి. టెంక లేకపోతే ఆ ఇరవై ఒక్క వేలూ హరీ. లెక్కంతా ఒక్క మామిడి టెంక చుట్టూ తిరిగింది. మే నెలకి ముందు ఎవరైనా ఈ పాలసీ చూపిస్తే నేను తీసుకునేదాన్ని కాదు, అబద్ధం ఎందుకు.

డాలస్‌లో ఉన్న మా తమ్ముడి దగ్గర కూడా కుక్క ఉంది. "ఇందులో ఆలోచించేదేముంది అక్కా, తీసేసుకో" అన్నాడు. అక్కడ మోకాలి లిగమెంటు తెగితే చేసే ఆపరేషన్‌కి ఐదారు వేల డాలర్లవుతుందట. అక్కడ కూడా ముందు మనం కట్టి, తర్వాత తిరిగి తెచ్చుకోవడమే. కానీ వాడి భయం ఐదు లక్షల బిల్లు గురించి, నాది యాభై వేల బిల్లు గురించి. యాభై వేలు మాకు చేదే, కొంప మునగదు. వాడి మాట పక్కన పెట్టేశా.

అసలు పని పాలసీ కాగితంతో పడింది. ముప్పై పైచిలుకు పేజీలు. ఆదివారం పెన్సిల్ పట్టుకుని కూర్చున్నా. మొదటి ముప్పై రోజుల్లో వచ్చే జబ్బులకి కవర్ లేదు. పుట్టుకతో వచ్చేవాటికి లేదు. లాబ్రడార్లకి తరచుగా వచ్చే తుంటి కీలు జబ్బు, హిప్ డిస్‌ప్లేసియా, నేను చూసిన కాగితంలో ఆ జాబితాలోనే ఉంది. లాబ్రడార్ పెంచేవాళ్ళు ముందు వెతకాల్సింది అదే. టీకా ఉన్న జబ్బులు, పార్వో, డిస్టెంపర్ లాంటివి, టీకా టైముకి వేయించకపోతే వాటికి క్లెయిమ్ రాదు. నేను వెంటనే లడ్డూ టీకాల పుస్తకం తీశా. 2023 బూస్టర్ ఆరు వారాలు లేటు. ఆ సమయంలో మా బాబుకి పరీక్షలు, మర్చిపోయాం. అప్పుడు పార్వో వచ్చుంటే ప్రీమియం కట్టి కూడా చేతులు కట్టుకు కూర్చునేవాళ్ళం.

పాత జబ్బులకి లేదన్నది అన్నిటికంటే మెలిక. ప్రపోజల్ ఫారంలో ఆపరేషన్ సంగతి దాచమని ఒకరిద్దరు సలహా ఇచ్చారు. పొట్ట కింద జానెడు కుట్ల గుర్తు పెట్టుకుని దాచేదేమిటి? ఉన్నది ఉన్నట్టు రాశా. వాళ్ళు ఆ ఆపరేషన్ వల్ల ముందు ముందు వచ్చే ఇబ్బందుల్ని, చెవి ఇన్‌ఫెక్షన్లని కవర్‌లోంచి తీసేస్తామన్నారు. "సరే, రేపు ఇంకో టెంక మింగితే?" అని ఫోన్లో అడిగా. ఆ అబ్బాయి ముందు నవ్వాడు, తర్వాత "వస్తుంది మేడం" అన్నాడు. మాట కాదు, మెయిల్ పెట్టమన్నా. నాలుగు రోజులకి వచ్చింది: కొత్తగా మింగితే కొత్త ఘటన కిందే లెక్క, పాత కుట్ల దగ్గర సమస్య అయితే రాదు. ఆ మెయిల్ ప్రింటు తీసి నోట్‌బుక్‌లో అంటించా.

ఫారంలో ఇంకో గడి ఉంది. కుక్క ఖరీదు ఎంత? పద్ధెనిమిది వేలకి కొన్నాం, జాతి నిరూపించే కెన్నెల్ క్లబ్ కాగితాలు లేవు. ఇప్పుడు కడుపు కోసిన మూడున్నరేళ్ళ కుక్కకి బజార్లో ఏం పలుకుతుంది? పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నా. గేదెకైతే లీటర్ల లెక్క ఉంది. బాబు వచ్చి చూసి, "అమ్మా, లడ్డూని అమ్ముతున్నామా?" అన్నాడు. చనిపోతే డబ్బిచ్చే భాగం అక్కడే కొట్టేశా. అది లెక్క చూసి తీసుకున్న నిర్ణయం కాదు.

నేను ముందు పట్టించుకోనిది, చివరికి గట్టిగా తీసుకోవాలనుకున్నది ఇంకొకటుంది. అంతకు ముందు చలికాలంలో లిఫ్ట్ తలుపు తెరుచుకోగానే లడ్డూ ఒక డెలివరీ కుర్రాడి మీదకి ఎగిరింది. దానిది ప్రేమే, అతనికి ఆ సంగతి ఎలా తెలుస్తుంది? వెనక్కి పడ్డాడు, మోచెయ్యి గీరుకుంది, ఫోన్ పగిలింది. క్షమించమని అడిగి ఆరు వేలిచ్చాం. చెయ్యి విరిగి ఉంటే? పెంపుడు జంతువు విషయంలో అజాగ్రత్తగా ఉండి మనుషులకి ప్రమాదం తెస్తే భారతీయ న్యాయ సంహిత 291 సెక్షన్ ప్రకారం ఆరు నెలల వరకు జైలు, లేదా ఐదు వేల వరకు జరిమానా, లేదా రెండూ. పాత ఐపీసీ 289లో జరిమానా వెయ్యి రూపాయలే. నేను ఇవన్నీ వెతుకుతున్న ఆ 2024 జూలై 1 నుంచే కొత్త చట్టం అమల్లోకి వచ్చింది. బీమా ఆ జరిమానా కట్టదు, జైలూ తప్పించదు. ఎదుటి మనిషికి చట్టప్రకారం మనం ఇవ్వాల్సిన పరిహారం మాత్రం ఇస్తుంది. ఈ భాగానికి మనం కట్టేది ఏడాదికి ఆరు వందలు. మొత్తం కాగితంలో నాకు చవగ్గా అనిపించింది ఇదొక్కటే.

చివరికి ఆపరేషన్ భాగం, పరిహారం భాగం తీసుకున్నాం, ఆరు వేలు. ఓపీడీ వద్దనుకుని, దాని బదులు పోస్టాఫీసులో నెలకి పదిహేను వందల ఆర్‌డీ మొదలుపెట్టాం. ఐదేళ్ళది. అది చేతికొచ్చే నాటికి లడ్డూకి ఎనిమిదిన్నరేళ్ళు, అప్పుడే అసలు ఖర్చులు మొదలవుతాయని డాక్టరు గారు అన్నారు.

మైక్రోచిప్ ఉంటే మంచిదన్నారు, వేయించాం. బియ్యపు గింజంత ఉంది. భుజాల మధ్య చర్మం చిటికెతో పైకి పట్టుకుని లావుపాటి సూదితో వేశారు. లడ్డూ నా చేతిలో బిస్కెట్ నాకుతూనే ఉంది, తిరిగి కూడా చూడలేదు. స్కానర్ దగ్గర పెట్టగానే కీక్‌మని పదిహేను అంకెలు కనిపించాయి. అవే పాలసీలోనూ ఎక్కాయి. సాయంత్రం నాన్నకి ఫోన్ చేసి చెప్పా.

"అది ఊడిపోదు కదా?"

"చర్మం కింద ఉంటుంది నాన్నా, కాస్త అటూ ఇటూ జరిగినా ఊడదు."

"అయినా ఆర్నెల్లకోసారి మిషన్ పెట్టించి చూసుకో."

మొదటి ఏడాది క్లెయిమ్ ఏమీ లేదు. చెవులకి మాత్రం రెండు సార్లు కలిపి 4,100 అయ్యాయి, జేబులోంచే. 2025 జూలైలో రెన్యువల్ 6,700కి పెరిగింది. మా ఆయన ఆపేద్దామన్నాడు. ఈ ఏటికి కడదాం, ఇంకా పెంచితే అప్పుడు చూద్దాం అన్నా. ఆ మే నెలలో కూడా రసాల బుట్ట వచ్చింది. నాన్న ఈసారి బుట్ట మీదే స్కెచ్ పెన్నుతో లెక్క రాసి పంపాడు, నలభై ఎనిమిది. రోజూ రాత్రి బాబు టెంకలు లెక్కపెట్టి, కవర్లో కట్టి, కవరుని ఫ్రిజ్ మీద పెడతాడు. లడ్డూ ఆ ఫ్రిజ్ ముందే పడుకుంటుంది.