బౌకావ్ దారిలో ‘మేము’, ‘మనం’

తిమోర్ లెస్తే రాజధాని దిలీలో తూర్పుకు పోయే బస్సులు బెకోరా దగ్గర దొరుకుతాయి. ఎడమ పక్క సముద్రం, దారిలో మలుపులు. దాదాపు 120 కిలోమీటర్లు పోతే బౌకావ్. అక్కడి మకాసయ్ భాషలో ‘నేను’, ‘మేము’, ‘మనం’ లాంటి మాటలు అడిగి రాసుకోవడానికి వెళ్ళాం. ఆ భాష వినడానికి అక్కడి సంత మంచి చోటే. కాకపోతే ఆ చుట్టుపక్కల వైమా మాట్లాడేవాళ్ళూ ఉన్నారు. వైమా ఆస్ట్రోనేషియన్ కుటుంబపు భాష, మకాసయ్ ఆ కుటుంబానికి చెందని పాపువన్ భాష. అందుకే ఇంట్లో ఏం మాట్లాడతారో అడిగాకే రాసుకునే పుస్తకం తెరిచాం. మతెబియాన్ కొండ పక్కనున్న కెలికాయ్ అయితే మకాసయ్ వాళ్ళ గడ్డే.

మకాసయ్‌లో ‘అని’ అంటే నేను, ‘అయ్’ అంటే నువ్వు. ‘గి’ అతనికీ ఆమెకీ ఒకటే. ‘ఇని’ మేము, ‘ఫి’ మనం, ‘ఇ’ మీరందరూ. ఈ ఇని, ఫి తేడా తెలుగువాళ్ళకు ఎవరూ నేర్పక్కర్లేదు, చుట్టరికం లేని భాషే అయినా. చిక్కంతా ప్రశ్నలు అడగడానికి మధ్యలో వాడే భాషతోనే. ఇంగ్లీషులో అడిగితే రెండూ ఒకే మాటలో కలిసిపోతాయి. దేశమంతా వాడే తేతుమ్ భాషలో ‘ఇతా’ అంటే మనం, మర్యాదగా మీరు కూడా. కాబట్టి జవాబు ఫి రావచ్చు, అయ్ రావచ్చు. తేతుమ్‌లో మేము అనే ‘అమి’తో ఆ గొడవ లేదు. ఇండోనేషియా పాలనలో చదువుకున్న పెద్దవాళ్ళతో ఇండోనేషియా భాషలోని కామి (మేము), కితా (మనం) జంట నమ్మకంగా పనిచేస్తుంది.

‘నువ్వు’ను ఏమంటారని విడిగా అడగడం దండగ. చెప్పేవాళ్ళు తమవైపు తిప్పుకొని ‘అని’ అనేస్తారు. సందర్భం కల్పించాలి. ముగ్గుర్ని నిలబెట్టి, ఇద్దరు సంతకు బయల్దేరుతూ మూడో మనిషితో ‘మేం పోతున్నాం, నువ్వుండు’ అనాలి. తర్వాత ‘నువ్వూ రా, మనం పోదాం’ అనాలి. మనుషుల్ని మార్చి మళ్ళీ అడగాలి. ప్రతి వాక్యం పక్కన ఎవరు ఎవరితో అన్నారో, చెప్పినవాళ్ళది ఏ ఊరో రాయాలి. అవి లేని జాబితా ఎందుకూ పనికిరాదు.

మకాసయ్‌లోనూ క్రియ వాక్యం చివరే వస్తుంది, కానీ మన వచ్చాను, వచ్చావుల్లాగా దాని చివర మనిషి గుర్తు పడదు. తెలుగులో మనం అలవాటుగా ‘నేను’ మింగేస్తాం. అక్కడ ‘అని’ మింగితే వచ్చిందెవరో క్రియ చెప్పదు.